ఓటుకు ముందు మాట, ఓటు తరువాత మాట

2019వ సంవత్సరము ఏప్రిల్ 11వ తేదీన మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల ప్రాంతముల ఓటర్లు పోలింగు కేంద్రములలో అడుగుపెట్టి ఒక విచిత్రమైన దృశ్యమును చూచినారు. మామూలుగా బల్లమీద ఒకటి రెండు ఓటింగు యంత్రములుండును. ఆనాడు పన్నెండు యంత్రములు వరుసగా పరచియున్నవి. ఒక్కొక్క యంత్రముపై పదహారు పేర్లకు మాత్రమే చోటు. నిజామాబాదు లోక్‌సభ స్థానమునకు నిలిచిన అభ్యర్థులు 185 మంది. వారితోపాటు 'ఎవరికీ కాదు' అనే మీట కూడ ఒకటి ఉండవలెను గదా! పాత కరీంనగరం జిల్లాలోని కోరుట్ల, జగిత్యాల శాసనసభా నియోజకవర్గములు ఆ లోక్‌సభ స్థానములోనివే.

ఆ 185 మందిలో 170 మందికి పైగా పసుపు, ఎర్రజొన్న పండించే రైతులు. ఢిల్లీకి పోయి చట్టములు చేయవలెనన్న కోరిక వారికి లేదు. గెలుతుమన్న భ్రమ అసలే లేదు. పసుపునకు క్వింటాలుకు 15,000 రూపాయలు, ఎర్రజొన్నకు 3,500 రూపాయలు గిట్టుబాటు ధర కావలెను. పసుపునకు ప్రత్యేకముగా ఒక బోర్డు కావలెను. ఇదియే వారి కోరిక. సభలు జరిపినారు, రోడ్లమీద బైఠాయించినారు. వినేవారు కానరాకపోవుటచేత, తలకు 25,000 రూపాయల ధరావతు కట్టి నామినేషను పత్రము దాఖలు చేసినారు. పోలైన చెల్లుబాటు ఓట్లలో ఆరవ వంతు రానివారి ధరావతు తిరిగి రాదని వారికి తెలియును. అది అర్జీకి కట్టిన రుసుము వంటిది. దేశములో ఇంత ఖరీదైన అర్జీ మరియొకటి ఉండదనుకొందుము.

ఎన్నికల ప్రచారమును, చట్టసభలను ఏ రీతిగా సంస్కరించవలెనన్న ప్రశ్న వచ్చినప్పుడెల్ల మాకు ఈ పన్నెండు యంత్రములే కన్నుల ముందు నిలుచును. సాధారణముగా ఈ రెండింటిని వేరువేరు సమస్యలుగా చర్చింతురు. ఎన్నికలలో డబ్బు పారుచున్నదని ఒక వ్యాసము, సభలలో అల్లరి జరుగుచున్నదని మరియొక వ్యాసము. మా అభిప్రాయములో ఇవి ఒకే తాటికి రెండు కొసలు. ఓటు తరువాత తన మాట ఎక్కడికీ పోదని ఓటరునకు తెలిసిననాడు, ఓటుకు ముందు దొరికినంత పుచ్చుకొనుట అతనికి వివేకముగానే తోచును. లేదా, ఆ రైతులవలె అభ్యర్థుల జాబితానే అర్జీగా మార్చును.

రైతుల ఈ ఉపాయము మనకు కొత్తది కాదు. 1996లో నల్లగొండ లోక్‌సభ స్థానమునకు 480 మంది నిలిచినారు. ఫ్లోరైడు నీటివలన ఎముకలు వంగిపోయిన జిల్లాగోడును దేశమునకు వినిపించుట వారి ఉద్దేశము. ఎన్నికను వాయిదా వేయవలసి వచ్చినది, ఓటుపత్రము పుస్తకమైనది. మరి రాజ్యము చెప్పిన జవాబేమి? అదే సంవత్సరము చట్టమును సవరించి లోక్‌సభ అభ్యర్థి ధరావతును 500 నుండి 10,000 రూపాయలకు పెంచినారు. 2010లో దానిని 25,000 చేసినారు. తలుపు తట్టేవారు ఎక్కువైనారని తలుపునకు ఇంకొక గడియ పెట్టినట్లయినది. గడియ పెట్టినా 2019లో రైతులు వచ్చినారు. మొదటి సార్వత్రిక ఎన్నికలో, అనగా 1952లో, ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె ఉండెడిది. ఓటరు తనకు నచ్చిన గుర్తు అంటించిన పెట్టెలో కాగితము వేసెడివాడు. ఆ పద్ధతియే నేటికిని ఉన్నచో 185 పెట్టెలకు ఏ బడి గదియు చాలకపోయెడిది.

ఇక డబ్బు సంగతి. కరీంనగరం ప్రాంతమునకు ఉపఎన్నికల అనుభవము మెండు. 2006లో, 2008లో, 2010లో, 2021లో ఇచ్చట ఉపఎన్నికలు జరిగినవి. 2021 అక్టోబరు 30న జరిగిన హుజూరాబాదు ఉపఎన్నికలో నూటికి 86 మందికి పైగా ఓటు వేసినారు. అంతటి ఆసక్తి ప్రజాస్వామ్యమునకు శుభసూచకమే. కాని పోలింగునకు ముందు దినములలో కొన్ని గ్రామములనుండి వచ్చిన వార్తలు మరువరానివి. అక్కడ స్త్రీలు రోడ్డెక్కినారు. లంచము పంచుచున్నారని వారి ఫిర్యాదు కాదు. పక్కింటికి కవరు వచ్చినది, మా ఇంటికి రాలేదన్నది ఫిర్యాదు. రేషను దుకాణములో బియ్యము రానప్పుడు నిలదీసినంత నిస్సంకోచముగా వారు నిలదీసినారు. వారిని నిందించుట మాకు ఇష్టము లేదు. ఐదేండ్లకొకసారి మాత్రమే తమ గడపకు వచ్చే ప్రభుత్వమునుండి ఆ వచ్చిననాడే రావలసినది రాబట్టుకొనవలెనని వారనుకొన్నచో, ఆ లెక్క నేర్పినది ఎవరు?

అదే ఎన్నిక మరియొక సంగతిని కూడ చూపినది. దళితబంధు పథకమును, అనగా కుటుంబమునకు పది లక్షల రూపాయల సహాయమును, 2021 ఆగస్టు 16న ఆ నియోజకవర్గములోని శాలపల్లిలోనే ప్రారంభించినారు. ఎన్నికల ప్రకటన వెలువడిన తరువాత అక్టోబరులో ఎన్నికల సంఘము పోలింగు ముగియువరకు దానిని నిలిపివేయుమన్నది. పథకము యోగ్యతను గూర్చి మేము మాట్లాడుట లేదు. అవసరమైన సహాయమే కావచ్చును. కాని స్థానము ఖాళీయైన దినమునుండి ఎన్నికల ప్రకటన వరకు గల నెలలకు ఏ నియమావళియు లేదు. ఖాళీ ఏర్పడిన నాటినుండి పోలింగు వరకు ఆ ఒక్క నియోజకవర్గమునకే పరిమితమైన కొత్త వరము ఏదియు ప్రకటింపరాదని చట్టములో వ్రాయుట కష్టమైన పని కాదు. మంచి పథకమైనచో పక్క తాలూకాలో మొదలుపెట్టవచ్చును గదా.

వ్యయ పరిమితి ఉన్నది గదా అని మీరనవచ్చును. ఉన్నది. 2022లో సవరించిన లెక్క ప్రకారము పెద్ద రాష్ట్రములలో లోక్‌సభ అభ్యర్థికి 95 లక్షలు, శాసనసభ అభ్యర్థికి 40 లక్షలు. కాని ఈ హద్దు అభ్యర్థికే గాని పార్టీకి లేదు. 1974లో సుప్రీంకోర్టు, పార్టీ తన అభ్యర్థి కొరకు చేసిన ఖర్చును కూడ అభ్యర్థి లెక్కలోనే కలుపవలెనని తీర్పు చెప్పినది. ఆ తీర్పు సిరా ఆరకముందే ఆర్డినెన్సు వచ్చినది. ఆ ఏడే చట్టమై, తీర్పు వమ్మైనది. 2003లో ఆ మినహాయింపును కొంత బిగించినారు. అయినను పార్టీ ప్రముఖుల ప్రయాణపు ఖర్చు నేటికిని అభ్యర్థి లెక్కలోనికి రాదు. చెరువునకు ముందువైపు కట్ట పోసి, వెనుకవైపు తూము తెరచినట్లున్నది. పార్టీ ఖర్చునకు హద్దు గీయనిదే తక్కిన సంస్కరణలన్నియు కాగితములే. దాతల పేర్లను ఓటర్లకు తెలియనీయని ఎన్నికల బాండ్లను 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టివేసినది. డబ్బు ఎచటనుండి వచ్చినదో తెలిసికొను హక్కు ఓటరునకు ఉన్నదని స్పష్టపరచినది. ఎచ్చటికి పోయినదో తెలియుట మిగిలియున్నది.

హద్దు గీసినంతమాత్రమున చాలదు. పేద అభ్యర్థికి గొంతు ఎచటనుండి వచ్చును? 1998లో ఇంద్రజిత్ గుప్తా సంఘము దీనికి ఒక దారి చూపినది. ప్రభుత్వము పార్టీలకు నగదుగా కాక వస్తురూపముగా సహాయము చేయవలెనన్నది దాని సలహా. ఆ సలహాలో ఒక తునక అప్పటికే అమలులో ఉన్నదని రేడియో వినేవారికి వేరుగా చెప్పనక్కరలేదు. 1977 ఎన్నికలనుండి ఆకాశవాణి గుర్తింపు పొందిన పార్టీలకు ఉచితముగా ప్రసార సమయమిచ్చుచున్నది. పైసా ఖర్చు లేకుండ ఒక పార్టీ మాట ఉట్నూరు గుట్టల గూడెములకు చేరుట సామాన్య విషయము కాదు.

దీనిని పొడిగించి చూడుడు. ఇంద్రవెల్లి, జైనూరు, ఉట్నూరు వంటి చోట్ల అంగడి నాడు చుట్టుపట్టు గూడెముల జనమంతయు ఒకచోట చేరుదురు. ప్రతి మండల కేంద్రములోను ఒక అంగడి నాడు ఎన్నికల అధికారియే వేదిక వేయించి, మైకు పెట్టించి, అభ్యర్థులందరికీ సమానముగా కాలమిచ్చిన ఎట్లుండును? లారీలలో జనమును తోలుకొనివచ్చే పని తప్పును. ఆదిలాబాదు జిల్లాలో ఆ ప్రసంగములను గోండు భాషలో కూడ వినిపింపవచ్చును. అందరికన్న ముఖ్యముగా, ఒకరి తరువాత ఒకరు మాట్లాడునప్పుడు ఓటరు పోల్చి చూచుటకు వీలుండును. మా అనుభవములో పెద్ద సభలో చేసిన వాగ్దానము గాలిలో కలియును. ప్రత్యర్థి పక్కన కూర్చుండగా చేసిన వాగ్దానమును అతడే జ్ఞాపకముంచుకొనును.

ఆదిలాబాదు మాట వచ్చినది గనుక కెరమెరి మండలపు సరిహద్దు పల్లెలను తలపక తప్పదు. పరందోళి, ముకదంగూడ మొదలైన పన్నెండు పద్నాలుగు ఊళ్లు తమవని మన రాష్ట్రమును, మహారాష్ట్రమును దశాబ్దములుగా వాదులాడుచున్నవి. ఆ పల్లెల వారికి రెండు రేషను కార్డులు, రెండు ఓటరు గుర్తింపు కార్డులు, రెండు పంచాయతీలు. వారు ఆదిలాబాదు లోక్‌సభకును ఓటు వేసినారు, చంద్రపూరు లోక్‌సభకును వేసినారు. 2019లో రెండింటికిని ఒకేనాడు పోలింగు వచ్చినది. 2024లో చంద్రపూరునకు ఏప్రిల్ 19న, ఆదిలాబాదునకు మే 13న వచ్చినది. ప్రచారకుల బండ్లు రెండు వైపులనుండి వచ్చినవి, జెండాలు రెండు భాషలలో ఎగిరినవి. అయినను దున్నుకొనుచున్న భూమికి పట్టా ఈయుమన్న వారి ప్రధానమైన కోరిక మాత్రము రెండు ప్రభుత్వముల నడుమ నిలిచిపోయినది. ఓట్లు రెండింతలైనంతమాత్రమున మాట బలము రెండింతలు కాలేదు. ఓటు విలువ పెట్టెలో లేదు. అది ఎన్నుకొన్న సభ ఆ మాటను ఏమి చేసినదన్న దానిలో ఉన్నది.

కావున సభ వైపునకు పోదము. మొదటి లోక్‌సభ 1952 నుండి 1957 వరకు 677 దినములు కూడినది. 2019 నుండి 2024 వరకు నడచిన పదునేడవ లోక్‌సభ కూడినవి 274 దినములు. ఆ కాలములో స్థాయీ సంఘములకు పంపిన బిల్లులు నూటికి పదహారు మాత్రమే. 2020 సెప్టెంబరులో వచ్చిన మూడు వ్యవసాయ చట్టములు ఏ సంఘమునకును పోలేదు. ఏడాదికి పైగా రైతులు ఢిల్లీ పొలిమేరలలో కూర్చున్న తరువాత 2021 నవంబరు 29న ఆ చట్టములను రద్దు చేసినప్పుడు సభలో చర్చయే జరుగలేదు. చేయునప్పుడు అడుగలేదు, తీసివేయునప్పుడు చెప్పలేదు. మన రాష్ట్రము పుట్టుకయు ఇట్టిదే. 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభలో పునర్విభజన బిల్లు ఆమోదము పొందుచుండగా ప్రత్యక్ష ప్రసారము ఆగిపోయినది. సాంకేతిక కారణమన్నారు. ఆ బిల్లును కోరినవారు ఇచ్చట కోట్లమంది. వద్దన్నవారు అచ్చట కోట్లమంది. ఇరువురిలో ఎవరును తమ ప్రతినిధుల వాదము వినలేకపోయినారు.

సభ్యుడు ఎందుకు మాట్లాడడు? ఆదిలాబాదు చరిత్రయే కొంత చెప్పును. 1952లో సోషలిస్టు పార్టీ పక్షమున ఇచ్చటనుండి గెలిచిన శ్రీ సి. మాధవరెడ్డిగారు, 1984లో తెలుగుదేశము పక్షమున మరల గెలిచి, ప్రతిపక్షములలోకెల్ల పెద్దదైన ఆ పార్టీకి లోక్‌సభలో నాయకులైనారు. ఆ సభ తొలి సమావేశములలోనే, 1985 జనవరిలో, ఫిరాయింపుల నిషేధపు సవరణ వచ్చినది. ఉద్దేశము మంచిదే. ఆయారాం గయారాంల కాలమును చూచినవారు దానిని హర్షించినారు. కాని ఆ చట్టము పార్టీ విప్పును ధిక్కరించి ఏ విషయముమీద ఓటు వేసినను సభ్యత్వము పోవునన్నది. పసుపు ధరమీద గాని, పోడు భూమిమీద గాని పార్టీ మాటకు భిన్నముగా చేయి ఎత్తగల సభ్యుడు ఆనాటినుండి లేకపోయినాడు.

పోనీ ఫిరాయింపులైనను ఆగినవా? 2025 జూలై 31న సుప్రీంకోర్టు తెలంగాణలో పార్టీ మారినారన్న పదిమంది శాసనసభ్యుల వ్యవహారమును మూడు నెలలలో తేల్చుమని స్పీకరును ఆదేశించినది. కోర్టునకెక్కినవారిలో హుజూరాబాదు సభ్యుడున్నారు. ఫిర్యాదునకు గురియైనవారిలో జగిత్యాల సభ్యుడున్నారు. స్పీకరునకే ఈ తీర్పరితనమును అప్పగించుట సరియేనా, పార్లమెంటు ఆలోచించుకొనవలెనని కూడ కోర్టు సూచించినది. నలుబది ఏండ్లలో ఈ చట్టము నోటికి తాళము వేసినది, కాలికి వేయలేకపోయినది. విప్పును ప్రభుత్వము నిలుచుట, పడుటకు సంబంధించిన ఓటింగునకును, ద్రవ్య బిల్లులు మొదలైన కొలదిపాటి వాటికిని పరిమితము చేయుమని 1990లోనే దినేశ్ గోస్వామి సంఘము చెప్పినది. తక్కిన బిల్లులమీద సభ్యుడు తన నియోజకవర్గమునకు జవాబుదారి కావలెను.

విప్పు లేకపోయినచో సభ్యులను కొనుగోలు చేయరా అని అడుగువారున్నారు. ఈ ప్రశ్నను తేలికగా తోసివేయరాదు. దీనికి జవాబు కూడ కరీంనగరపు బిడ్డడు ప్రధానిగా ఉన్న 1993వ సంవత్సరములోనే వెదకవలెను. వంగరలో పెరిగి, మంథనినుండి 1957 మొదలు ఇరువది ఏండ్లు శాసనసభలో ఉన్న శ్రీ పి. వి. నరసింహారావుగారి హయాములో, ఆ ఏడు వసంతములో, పదునేడు శాఖాపరమైన స్థాయీ సంఘములు ఏర్పడినవి. మంత్రిత్వశాఖల పద్దులను, బిల్లులను పార్టీలకతీతముగా నిదానముగా పరిశీలించుటకు పార్లమెంటునకు దొరికిన మంచి సాధనము అది. అదే ఏడు జూలైలో ఆయన ప్రభుత్వము అవిశ్వాస తీర్మానమును 265 - 251 ఓట్ల తేడాతో దాటినది. కొందరు సభ్యులకు డబ్బు ముట్టినదన్న కేసు వచ్చినది. 2000లో క్రింది కోర్టు పి. వి. గారిని దోషి యన్నది. 2002లో ఢిల్లీ హైకోర్టు నిర్దోషి యన్నది. కాని ఆ నడుమ 1998లో సుప్రీంకోర్టు చెప్పిన మాట దేశమును కలవరపెట్టినది: లంచము పుచ్చుకొని సభలో ఓటు వేసిన సభ్యునికి రాజ్యాంగ రక్షణ ఉన్నదని. ఇరువది ఆరేండ్ల తరువాత, 2024 మార్చి 4న, ఏడుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా ఆ తీర్పును త్రోసివేసినారు. కావున కొనుగోలును శిక్షించుటకు నేడు చట్టమున్నది. కొనుగోలు భయముతో సభ్యులందరి నోరు నొక్కవలసిన పని తగ్గినది.

ఒకే మనిషి ఏలుబడిలో, ఒకే సంవత్సరములో, సభకు మేలు చేసిన పనియు, సభకు మచ్చ తెచ్చిన ఆరోపణయు పక్కపక్కన నిలుచుట మాకు ఎప్పుడును ఆలోచన పుట్టించును. మన వాదులాటలన్నియు రెండవదాని చుట్టే తిరిగినవి, మొదటిదానిని మరచిపోయినాము. స్థాయీ సంఘముల సమావేశములు మూసిన తలుపుల వెనుక జరుగును. అచట విప్పు లేదు. కెమెరా లేదు గనుక కేకలును లేవు. భిన్న పార్టీల సభ్యులు కలిసి ఏకాభిప్రాయముతో నివేదికలు వ్రాయుట అచట సామాన్యము. అత్యవసరమైనవి తప్ప ప్రతి బిల్లును సంఘమునకు పోయి తీరవలెనని నియమము చేయవలెను. లోక్‌సభ ఏడాదికి కనీసము 120 దినములు కూడవలెనని 2002లో రాజ్యాంగ సమీక్షా సంఘము చేసిన సిఫారసును కూడ అమలుపరచవలెను.

ఇంకను ఒకటి. బ్రిటనులో లక్షమంది సంతకములు చేసిన అర్జీని సభలో చర్చకు పరిశీలింతురు. పదివేల సంతకములకే ప్రభుత్వము జవాబు చెప్పును. మన లోక్‌సభలోను అర్జీల సంఘమున్నది. కాని అర్జీ ఎట్లు పెట్టవలెనో, పెట్టిన తరువాత ఏమగునో మెట్‌పల్లి రైతునకు చెప్పినవారెవరు? ఇన్నివేల సంతకములున్నచో ఇన్ని దినములలో విచారణ జరుగునని హామీ ఇచ్చినచో, 170 మంది ధరావతులు పోగొట్టుకొననక్కరలేకపోయెడిది.

ఆ రైతుల కథ తరువాత ఏమైనదో చెప్పవలసియున్నది. ఆ ఎన్నికలో గెలిచిన అభ్యర్థి పసుపు బోర్డు తెత్తునని బాండు కాగితముమీద వ్రాసి ఇచ్చినారు. నోటిమాటకు ముద్రకాగితపు పూచీ అవసరమైనదంటే మాట విలువ ఎంతవరకు వచ్చినదో ఊహించుకొనవచ్చును. 2023 అక్టోబరు 4న జాతీయ పసుపు బోర్డును ప్రకటించినారు. 2025 సంక్రాంతినాడు, జనవరి 14న, అది నిజామాబాదు కేంద్రముగా ప్రారంభమైనది. పన్నెండు యంత్రముల అర్జీకి ఐదేండ్ల తొమ్మిది నెలలకు ఒక జవాబు వచ్చినది. ధర ప్రశ్న దానితో తీరలేదు. బోర్డు పరిశోధన చేయగలదు, ఎగుమతులకు దారి చూపగలదు. క్వింటాలుకు ఇంత అని హామీ ఇచ్చుట వేరు పని.

బడ్జెటు సమావేశముల నడుమ పార్లమెంటునకు మూడు వారములకు అటు ఇటుగా విరామము వచ్చును. ఆ దినములలో స్థాయీ సంఘములు ఢిల్లీలో కూర్చుండి మంత్రిత్వశాఖల పద్దులు చూచును. ఫిబ్రవరి, మార్చి నెలలవి. సరిగ్గా ఆ నెలలలోనే ఉడికించి, ఆరబెట్టి, మెరుగుపెట్టిన పసుపు బస్తాలు మెట్‌పల్లి మార్కెట్టునకు వచ్చును. వ్యవసాయ స్థాయీ సంఘము ఆ విరామములో రెండు దినములు ఆ యార్డులో కూర్చుండి, కాటా పక్కన రైతును, కమీషను వ్యాపారిని, బోర్డు అధికారిని వరుసగా పిలిచి ప్రశ్నలు వేసి, ఆ జవాబులను నివేదికలో చేర్చినచో ఖర్చు ఎంత? కొన్ని కుర్చీలు, ఒక షామియానా.